కంప్రెషన్ గేజితో ఆరేళ్లు

స్పార్క్ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో మర తిప్పి బిగించే, సిలిండర్‌లో కుదింపు ఒత్తిడి ఎంతో చూపే కంప్రెషన్ గేజి ఒకటి ఆరేళ్లుగా నా పనిముట్ల పెట్టెలో ఉంది. పెట్టెలో ఏమేమి వస్తాయి, డయల్ ఎంత వరకు చూపిస్తుంది లాంటివి కొనేవాళ్లందరికీ తెలుసు. దాని మీద నాకున్న ఇష్టమంతా ఆ ముల్లు కదిలే తీరు మీదే.

సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పుతుంటే ఒక్కో కుదింపుకు ముల్లు ఒక్కో మెట్టు ఎక్కుతుంది. చాలామంది చివరి అంకె ఒక్కటే రాసుకుంటారు. నేను మొదటి మెట్టు కూడా రాసుకుంటాను. మొదటి దెబ్బకే వంద దాటి, నాలుగైదు దెబ్బల్లో 170 పీఎస్‌ఐ దగ్గర నిలబడితే ఆ సిలిండరు గురించి దిగులు అక్కరలేదు. మొదట యాభై దగ్గరే ఆగి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా కూడబెట్టుకుంటూ పైకి వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులను అనుమానించాలి. ఎన్ని దెబ్బలు కొట్టినా కిందే ఉండిపోతే వాల్వు సరిగా కూర్చోవడం లేదని అర్థం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ముందు సిలిండర్లకూ వాటి పై మూత అయిన హెడ్డుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ చూడాలి. మా పెద్దమ్మాయి సీట్లో కూర్చుని ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తాళం తిప్పుతుంది, నేను బానెట్ కింద వంగి, “ఇంకొకటి, ఇంకొకటి... చాలమ్మా” అంటుంటాను. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసి ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, పెట్రోలు, నిప్పు రెండూ ఆపి ఉండాలి. ఇవి పాటిస్తే ఆ ముల్లు అబద్ధం చెప్పదు.

కొన్న మొదటి ఏడాదే అది తన విలువ చూపించింది. అప్పటి మా కారులో మిగతా మూడు సిలిండర్లు 165 పైన ఉంటే మూడోది ఒక్కటే 115 దగ్గర ఆగిపోయింది. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పితే 155కు లేచింది. ఆయిల్ పొర సందును మూయగలిగిందంటే గాలి పోతున్నది వాల్వుల దగ్గర కాదు, పిస్టన్ పక్కల నుంచి. విప్పి చూస్తే పై రింగు విరిగి ఉంది. ఆ రోజు నుంచి అడిగినవాళ్లందరికీ, ఆయిల్ తాగే ఇంజిన్‌కు ఈ ఒక్క గేజి చాలని చెబుతూ వచ్చాను.

ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

ప్రస్తుతం మేము వాడుతున్న కారు 1,40,000 కిలోమీటర్ల దగ్గర మా చేతికి వచ్చింది. పాత యజమాని ఆయిల్ మార్చడంలో చాలా ఆలస్యం చేసేవాడని తర్వాత తెలిసింది. కొన్నాళ్లకే డిప్‌స్టిక్ మీద పై గీత నుంచి కింది గీతకు దిగడానికి 900 కిలోమీటర్లు చాలేవి. ఈ ఇంజిన్‌లో ఆ రెండు గీతల మధ్య దాదాపు లీటరు. కొన్ని కంపెనీల పుస్తకాల్లో 1000 కిలోమీటర్లకు లీటరు వరకు ఖర్చు కావచ్చని రాస్తారు గానీ, ఆ అంకె చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. బండి నిలిపిన చోట నేల మీద ఒక్క చుక్క లేదు. రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలిపొగ లేచి రెండు నిమిషాల్లో పోయేది. ఏటవాలులో గేరులోనే దిగి, కింద మళ్లీ ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు కూడా అద్దంలో అదే పొగ.

గేజి పెట్టాను. 168, 171, 166, 170. మొదటి మెట్లు నాలుగూ వంద పైనే. ఇంత సమంగా ఉంటే ఇక రింగులను తప్పుపట్టడానికి ఏముంది? ఆయిల్ పైనుంచి, వాల్వు కాడల చుట్టూ దాన్ని ఆపే వాల్వ్ సీళ్ల గుండా దిగుతోందని తేల్చుకున్నాను. సిలిండర్లోకి గాలి ఒత్తిడి పెట్టి వాల్వులు కింద పడకుండా నిలబెట్టి, హెడ్డు దించకుండానే స్ప్రింగులు విప్పి పదహారు సీళ్లూ మార్చాను. పాతవి గోటితో నొక్కితే దిగనంత గట్టిపడి ఉన్నాయి. అడుగున చేరే ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకి పంపే పీసీవీ వాల్వు కూడా మార్చాను. మర్నాడు ఉదయం సైలెన్సర్ దగ్గర తెల్ల గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. పొగ లేదు. ఆ సంతోషం వారం రోజులు ఉంది. తర్వాత లెక్క చూస్తే లీటరుకు 900 కిలోమీటర్లు కాస్తా 1100 అయ్యాయి, అంతే.

ఏటవాలు దగ్గర పొగ మాత్రం అలాగే ఉంది. అక్కడే నేను పొరబడ్డాను. ఆక్సిలరేటర్ వదిలి గేరులో దిగేటప్పుడు సిలిండర్ లోపల శూన్యత బాగా పెరుగుతుంది. అది ఆయిల్‌ను వాల్వుల పక్క నుంచీ లాగగలదు, కింద రింగులు దాటించి పైకీ లాగగలదు. ఆ పొగ రెంటిలో ఏది కారణమో విడదీసి చెప్పదు. గేజి మీద నమ్మకంతో రెండో దారిని నేను ముందే మూసేశాను.

చివరకు ప్లగ్గు రంధ్రంలోంచి దూరే సన్నటి కెమెరా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. పిస్టన్ల నెత్తిన నల్లటి మసి పేరుకుని ఉంది, అంచుల చుట్టూ మాత్రం ఎవరో కడిగినట్టు తడిగా, మెరుస్తూ ఉంది. మసిని కడుగుతున్నది రింగులు దాటి పైకి వచ్చే ఆయిలే. మసి కరిగించే ద్రవం పోసి రాత్రంతా నానబెట్టాను. ప్లగ్గులు పెట్టకుండానే ఇంజిన్‌ను తిప్పి దాన్నంతా బయటకు చిమ్మించి, ఆయిల్ మార్చాను. రెండుసార్లు చేశాను. కొంత తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వచ్చింది. ఇక హెడ్డు, ఆయిల్ చాంబర్ దించక తప్పలేదు.

మూడో పిస్టన్ చేతిలోకి తీసుకున్నప్పుడు విషయం తెలిసిపోయింది. పై రెండు రింగులు వేలికొనతో నెడితే తమ గాడిలో సాఫీగా తిరిగాయి. మూడోది, అంటే గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపే ఆయిల్ రింగు, కదల్లేదు. దాని రెండు పలుచటి రేకులూ మధ్యలోని ముడతల స్ప్రింగూ తారులాంటి మసిలో కూరుకుపోయి ఒకే ముద్ద అయ్యాయి. రింగు వెనక గాడిలో ఆయిల్ లోపలికి జారిపోవడానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి. పిస్టన్‌ను వెలుగుకు ఎత్తి చూశాను. ఒక్క రంధ్రంలోంచి కూడా వెలుగు కనిపించలేదు. రాగి తీగతో పొడిస్తే నల్లటి పొడి రాలింది. మిగిలిన మూడింటిదీ కొంచెం ఎక్కువ తక్కువగా ఇదే కథ.

ఒత్తిడిని పట్టి ఉంచేది పై రింగులు. అవి బాగున్నాయి కాబట్టి గేజి 170 చూపించింది, అందులో దాని తప్పు లేదు. ఆయిల్ రింగు పని గాలిని ఆపడం కాదు, కాబట్టి అది పూర్తిగా బిగుసుకుపోయినా ముల్లుకు తెలియదు. నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టిన సంగతి మరొకటి ఉంది. గోడల మీద ఎక్కువగా మిగిలిపోయిన ఆయిల్ పై రింగుల సందులను కూడా మూసి, అంకెను ఉన్నదానికంటే మెరుగ్గా చూపించగలదు. చెంచాడు ఆయిల్ పోసి నేను చేసే పరీక్షను ఆ ఇంజిన్ తనంతట తానే రోజూ చేసుకుంటోంది.

బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరుగుదల పరిమితి లోపలే ఉంది కాబట్టి బోరింగ్ అవసరం పడలేదు. గోడను సన్నగా గరుకు చేసే హోనింగ్ తేలికగా చేయించి, రంధ్రాలన్నీ శుభ్రం చేసి, కొత్త రింగులు వేశాను. ఒక్కో రింగును బోరులోకి దింపి, పిస్టన్‌తో నెట్టి సమంగా నిలబెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూశాకే పిస్టన్‌కు ఎక్కించాను. మొదటి 1500 కిలోమీటర్లు ఆయిల్ కొంచెం తగ్గుతూనే ఉంది, రింగులు గోడకు ఒదగడానికి ఆ మాత్రం పడుతుంది.

ఈ ఆరేళ్లలో గేజి స్వయంగా మొరాయించింది ఒక్కసారే. గొట్టం కొసన ఒత్తిడిని పట్టి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. అది కారడం మొదలై ముల్లు నిలవకుండా పోయింది. చూడటానికి టైరు వాల్వులాగే ఉందని టైరుదే వేశాను. నాలుగు సిలిండర్లూ ఒకేసారి ముప్పై తక్కువ చూపించాయి. టైరు వాల్వు స్ప్రింగు గట్టిది, అది తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి పోతుంది. గేజికని చేసిన మెత్తటి వాల్వు తెచ్చి వేస్తే సరిపోయింది. అన్ని సిలిండర్లూ సమానంగా తగ్గితే ఇంజిన్ కంటే ముందు గేజిని అనుమానించండి.

కొనాలా అంటే, నాలాగా సొంత బండిని సొంత చేతులతో విప్పేవాళ్లయితే, తాళం తిప్పడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటే, కొనమనే చెబుతాను. పికప్ తగ్గినా, ఇంజిన్ ఒక సిలిండర్ మీద తడబడుతున్నా ఇప్పటికీ నేను ముందు తీసేది దీన్నే. డీజిల్ ఇంజిన్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, అక్కడి ఒత్తిడికి వేరే గేజి కావాలి. ఫిర్యాదు ఆయిల్ ఖర్చు ఒక్కటే అయితే, నా అనుభవంలో ఆ సన్నటి కెమెరా ముందు తెచ్చుకోవలసింది.

రింగులు వేసి ఇప్పటికి 11,000 కిలోమీటర్లు. చివరిసారి ఆయిల్ మార్చి 4,000 తిరిగాక డిప్‌స్టిక్ చూస్తే పై గీతకు వేలి మందం కింద ఉంది. అదే రోజు అమ్మాయిని పిలిచి గేజి కూడా పెట్టాను. 172, 174, 171, 173. పాత అంకెల పక్కనే రాసుకున్నాను.