ఏబీఎస్ లైట్ వచ్చిపోతుంటే: నాలుగేళ్ళుగా నా దగ్గరున్న స్కానర్

మా 2010 మోడల్ డీజిల్ కారులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటూ, దాని పక్కనే జారుతున్న కారు బొమ్మతో ఉండే ట్రాక్షన్ (చక్రాల పట్టు) లైటూ మొదటిసారి జంటగా వెలిగింది ఒక ఆగస్టు సాయంత్రం, మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్ళలోంచి బయటపడిన కాసేపటికి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటికి చేరి, ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే రెండూ మాయమయ్యాయి. తర్వాత వారానికోసారి, ఒక్కోసారి రోజుకు రెండుసార్లు రావడం మొదలైంది. షెడ్డుకు తీసుకువెళ్ళిన రోజున మాత్రం బండి బుద్ధిగా ఉండేది.

మొదట చూసిన షెడ్డులో చక్రం వేగం కొలిచే సెన్సర్ కప్లర్ (తీగలను కలిపే ప్లగ్గు) విప్పి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచి, రీడింగ్ రాలేదు కాబట్టి క్లీనర్ సైడు, అంటే ఎడమవైపు ముందు చక్రం సెన్సర్ చచ్చిపోయిందని తేల్చి, కొత్తది వేసి 3,800 రూపాయలు తీసుకున్నారు. మూడు వారాలకు లైట్లు మళ్ళీ వచ్చాయి. పాత రకం సెన్సర్ అయితే లోపల తీగచుట్ట ఉంటుంది కాబట్టి మీటరు పెడితే సుమారు వెయ్యి ఓమ్‌ల రీడింగ్ వస్తుంది. మా బండిలో ఉన్నవి యాక్టివ్ సెన్సర్లు. వీటికి ఏబీఎస్ కంప్యూటర్ నుంచి కరెంటు అందుతుంది. చక్రం తిరిగేకొద్దీ అవి తీసుకునే కరెంటు దాదాపు 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుతూ ఉంటుంది. అలాంటిదాన్ని ఓమ్‌లలో కొలిచి బతికుందో లేదో చెప్పడం కుదరదు. పారేసిన పాత సెన్సర్ బాగానే ఉండి ఉంటుందని నాకు తర్వాత అర్థమైంది.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ కొన్నది ఆ తర్వాతే. అప్పటికే నా దగ్గర అగ్గిపెట్టెంత బ్లూటూత్ పరికరం ఒకటి ఉండేది. అది ఇంజిన్ కోడ్‌లు తప్ప మరేమీ చదవలేదు. అందులో దాని తప్పేమీ లేదు. కారు కంప్యూటర్‌ను బయటి పరికరంతో చదవడానికి ఉన్న ఓబీడీ ప్రమాణం తప్పనిసరి చేసింది పొగకు సంబంధించిన సమాచారాన్నే. ఏబీఎస్ కంప్యూటర్ ఆయా తయారీదారు సొంత భాషలో మాట్లాడుతుంది. అందువల్ల ఏబీఎస్‌ను కూడా చదవగలిగే, చేతిలో పట్టుకునే రకం స్కానర్‌ను 8,500 రూపాయలు పెట్టి తీసుకున్నాను. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు తగిలిస్తే అరనిమిషంలో కోడ్ చూపించింది: సి0035, అంటే ముందు ఎడమ చక్రపు స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. షెడ్డువాళ్ళు చెప్పిన చక్రమే, కానీ ఆ కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించి. సెన్సరూ, దాని తీగా, కప్లరూ, కంప్యూటర్ దాకా పోయే వైరింగూ, చక్రంతో పాటు తిరిగే రింగూ అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

అసలు పని చేసిపెట్టింది లైవ్ డేటా. నాలుగు చక్రాల వేగాలనూ తెరమీద పక్కపక్కన పెట్టుకుని అవుటర్ రింగ్ రోడ్డు మీద నేరుగా వెళితే నాలుగూ ఒకే అంకె చుట్టూ కదిలాయి, లోపమేమీ కనబడలేదు. కాలనీలో కుడివైపు పూర్తిగా మలుపు తిప్పినప్పుడు ముందు ఎడమ చక్రం అంకె రెప్పపాటు సున్నాకు పడి లేచింది.

ఆ ఆదివారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఆ చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు కూడా పెట్టి, తాళం ఆన్ చేశాను. మా అబ్బాయి స్కానర్ పట్టుకుని సీట్లో కూర్చున్నాడు. నేను ఒక చేత్తో చక్రం తిప్పుతుంటే వాడు "నాలుగు, అయిదు, నాలుగు" అని చదువుతున్నాడు. యాక్టివ్ సెన్సర్ కాబట్టే ఇంత నెమ్మదిగా తిప్పినా అంకె వస్తుంది. పాత రకానికి ఈ వేగం చాలదు. రెండో చేత్తో కప్లర్ దాటి బాడీలోకి పోయే తీగను కాస్త లాగగానే "నాన్నా, సున్నా" అన్నాడు. వదిలితే మళ్ళీ నాలుగు. పైకి తొడుగు చెక్కుచెదరనట్టే ఉంది, కానీ వేళ్ళతో లాగితే ఒకచోట రబ్బరు బ్యాండులా సాగింది. బ్లేడుతో చీరిస్తే లోపల రాగి పోగులు తెగి, ఆకుపచ్చ పొడిగా రాలాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వంగే చోటు అది. తొడుగులో సన్నని పగులు పడి వానాకాలపు నీరు లోపలికి దిగింది. ఎలక్ట్రీషియన్ వంగే భాగాన్ని కత్తిరించి, అతుకు లోపలివైపు వచ్చేలా కొత్త తీగ వేసి 400 రూపాయలు తీసుకున్నాడు. అతుకు వంగే చోటే వేస్తే అది మళ్ళీ తెగుతుంది. బాగుచేసినా లైట్లు వెంటనే ఆరలేదు. బండి కొద్ది దూరం నడిచి, కంప్యూటర్ తనను తాను పరీక్షించుకున్నాకే ఆరాయి.

రెండో ఏడాది వెనుక చక్రం బేరింగ్ మార్పించిన మర్నాడే జంట లైట్లు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఆరకుండా. లైవ్ డేటాలో ఆ చక్రం వేగం ఎంత దూరం నడిపినా సున్నాయే. ఇలాంటి బేరింగ్‌లకు ఒకవైపు సీలులోనే, సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు ఉంటుంది, చూడ్డానికి రెండువైపులా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. దాన్ని తిరగేసి బిగించారు. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేయగానే లైట్లన్నీ ఒక్కసారిగా వెలగడానికి మాత్రం ముసలి బ్యాటరీయే కారణం. దాన్ని మార్చాక ఆ బెడద పోయింది.

ఎర్ర బ్రేక్ లైట్ సంగతి వేరు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు మలుపులో అది మినుకుమంటే దాన్నీ ఈ ఖాతాలోనే వేసి స్కానర్ తగిలించాను, ఏమీ దొరకలేదు. బానెట్ ఎత్తితే బ్రేక్ ఆయిల్ కింది గీత దగ్గరుంది. ప్యాడ్‌లు అరిగినకొద్దీ ఆయిల్ దిగి, మలుపులో ఒకపక్కకు ఒరిగి లోపలి ఫ్లోటు స్విచ్చును కదిలిస్తోంది. పసుపు ఏబీఎస్ లైట్ ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది, కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు. ఎర్రదీ పసుపుదీ కలిసి వెలిగితే ముందు వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా పోయి ఉండవచ్చు. అప్పుడు నేను బండి పక్కకు ఆపేస్తాను, స్కానర్ కోసం ఇంటిదాకా కూడా నడపను.

ఇక లోపాలు. తెరమీద అంకెలు సెకనుకు రెండు మూడు సార్లే మారతాయి. ఏబీఎస్ కంప్యూటర్ పట్టుకునే చిన్న తెగుదల రెండు అంకెల మధ్య జారిపోతుంది, కాబట్టి తెర బాగుందని చూపినంత మాత్రాన తీగ బాగుందని నమ్మడానికి లేదు. ఎండలో తెర కనబడదు. రెండో ఏడు నుంచి అప్‌డేట్‌కు డబ్బు కట్టాలి. నేను కట్టలేదు, ఇంత పాత బండికి కొత్తగా వచ్చేదేమీ లేదు. ఏబీఎస్ యూనిట్‌లో బ్రేక్ ఆయిల్‌లో చిక్కుకున్న గాలి తీసే మెనూ పెట్టె మీద గొప్పగా అచ్చువేశారు గాని మా మోడల్‌కు తెరుచుకోదు. కోడ్ చెరిపే మీట మరీ చేతికి అందుబాటులో ఉంది. రాసుకోకముందే రెండుసార్లు చెరిపేసుకున్నాను. అప్పటినుంచి లైట్ వచ్చిన ప్రతిసారీ వానా ఎండా, మలుపా స్పీడ్ బ్రేకరా, ఎంత వేగం అన్నది గ్లవ్ బాక్సులోని నోటుపుస్తకంలో రాస్తున్నాను.

కొనాలనుకునేవారు తమ కారు పేరూ, సంవత్సరమూ, ఏబీఎస్ అన్న మాటా మూడూ దాని జాబితాలో ఒకే వరుసలో ఉన్నాయో లేదో దుకాణంలోనే తగిలించి చూసుకోవాలి. మా పై అంతస్తు ఆయన 2013 కారుకు ఇదే స్కానర్ పెట్టినప్పుడు ఇంజిన్ సమాచారం పూర్తిగా వచ్చింది, ఏబీఎస్ మెనూ మాత్రం ఖాళీగా ఉంది.