సియాటిల్ వాటర్‌ఫ్రంట్ రివ్యూ: వెళ్తే ఫుట్‌పాత్‌లో ఉన్న గాజు బిళ్ళల్ని కూడా చూడండి

5కి 4.5 ఇస్తున్నా. జెయింట్ వీల్ గురించీ క్లామ్ చౌడర్ గురించీ అందరూ రాసేశారు, ఊరి నుంచి అమ్మానాన్నలొస్తే మనవాళ్ళు తీసుకెళ్ళేది కూడా అక్కడికే కాబట్టి అవి వదిలేస్తున్నా. నాకు బాగా నచ్చింది నీళ్ళ పక్కనే ఉన్న ఫుట్‌పాత్. అందులో మందపాటి గాజు బిళ్ళలు వరసగా బిగించి ఉంటాయి, చాలామంది డెకరేషన్ అనుకుని తొక్కుకుంటూ పోతారు, కానీ అవి పెట్టింది కింద ఈదే చేపపిల్లల కోసం అండీ!

విషయం ఏంటంటే డువామిష్ నదిలోంచి వచ్చే సాల్మన్ పిల్లలు సముద్రంలోకి పోయేటప్పుడు లోతుకి వెళ్ళవు, పెద్ద చేపలు మింగేస్తాయని ఒడ్డు వెంబడే లోతు తక్కువ నీళ్ళలో పోతాయి, దారిలో దొరికిన చిన్న చిన్న పురుగులు తింటూ. ఊరు కట్టాక అక్కడ ఒడ్డే లేకుండా పోయింది, ఒక పక్క నిట్టనిలువు గోడ, పైన వరసగా పియర్లు, అంటే నీళ్ళ మీదకి పొడుచుకొచ్చిన రేవు కట్టడాలు. పియర్ కింద చీకటి కదా, వెలుతురులోంచి వచ్చిన చేపపిల్ల ఆ నీడ అంచు దగ్గరే ఆగిపోతుంది, లేదంటే చుట్టూ తిరిగి లోతు నీళ్ళలోకి పోతుంది, అక్కడేమో దాన్ని తినే పెద్ద చేపలు కాచుకుని ఉంటాయి. సాల్మన్లలో చినూక్ అనే రకం ఇక్కడ 1999 నుంచే ప్రమాదంలో ఉన్న జాతుల లిస్టులో ఉంది, అంచేత ఇదేం చిన్న సంగతి కాదు.

పాత గోడ 1916 నుంచి 1934 మధ్య కట్టింది, అడుగున చెక్కని సముద్రపు పురుగులు తినేశాయి, 2001 భూకంపంలో ఇంకా దెబ్బతింది. 2013లో మొదలెట్టి 2017కి కొత్తది కట్టారు. ఎలాగూ కడుతున్నాం కదా అని గాజులోంచి వెలుతురు దిగేలా చేశారు, గోడకి గరుకు పలకలు, అంచులు పెట్టారు, వల లాంటి సంచుల్లో రాళ్ళు నింపి అడుగున పరిచి లోతు తగ్గించారు. నాకైతే ఈ మూడోదే అసలు తెలివి అనిపించింది, పోయిన ఒడ్డుని తిరిగి కట్టినట్టే కదా. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు నీళ్ళలో దిగి చూసి పిల్ల సాల్మన్లు తిరిగే తీరూ తిండీ మెరుగయ్యాయని తేల్చారు కూడా.

మీరు చూడాలంటే లో టైడ్‌లో, అంటే సముద్రం నీళ్ళు బాగా తగ్గినప్పుడు వెళ్ళి రెయిలింగ్ మీంచి కిందకి వంగి చూడండి. గోడ పైభాగం బోసిగా ఉంటుంది, కిందకొచ్చేసరికి ప్రతి గుంటలో నాచు, దాని మధ్యలో బార్నకిల్స్ అనే గట్టి పెంకు జీవులు, ఆల్చిప్పలు అతుక్కుని ఉంటాయి. నున్నటి కాంక్రీట్ అయితే అంతలా పట్టుకోలేవు. ఫెర్రీలు ఆగే కోల్మన్ డాక్ పక్కన చిన్న బీచ్ కూడా చేశారు, రాళ్ళూ దుంగలూ వేసి, మన చిన్నపిల్లలకి అది తెగ నచ్చుతుంది.

అర మార్కు ఎందుకు కోశానంటే గాజు ఫుట్‌పాత్ వరకే ఉంది, పాత పియర్ల మధ్యలో కింద ఇంకా చీకటే. అది కూడా చేసుంటే ఎంత బావుండేదో. మా వైపు ఉప్పాడ దగ్గర సముద్రపు కోతకి రాళ్ళు పోస్తూనే ఉన్నారు, రోడ్డూ ఇళ్ళూ కాపాడుకోవాలి నిజమే, కానీ పోసే ఆ రాళ్ళనే చేపలకి పనికొచ్చేలా పేర్చే ఆలోచన అక్కడా చేస్తే బావుండు అని ఇది చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో వెళ్ళండి, సాల్మన్ పిల్లలు పోయే సీజన్ అదే. ముందు టైడ్ టైమింగ్ చూసుకోండి, నీళ్ళు నిండుగా ఉంటే గోడ మీద ఏమీ కనపడదు. పార్కింగ్ మాత్రం ఖరీదు, లైట్ రైల్ దిగి నడవడం మేలు.