బరంపురంలో రైలు టిక్కెట్లు బయట తీయించుకునేవారు ఒక్కసారి ఇది చదవండి

స్టేషను బయట టిక్కెట్లు తీసిపెట్టే దుకాణం ఏదో మనవాళ్లకు చెప్పనక్కరలేదు. విశాఖ ప్రయాణమంటే ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది అక్కడికే వెళతారు. మేమూ ఎనిమిదేళ్లుగా వెళుతున్నాం. దయచేసి ఇక వెళ్లకండి.

నాన్నగారికి డెబ్బై రెండేళ్లు, చక్కెర జబ్బు. విశాఖ ఆసుపత్రిలో పరీక్షలకు పరగడుపున రమ్మన్నారు. ముందురోజు రాత్రి రెండు చపాతీలు తిన్న మనిషి, నిన్న ఉదయం మంచినీళ్లు మాత్రం తాగి బయలుదేరారు. ఐదుంబావుకల్లా ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. సోంపేటకూ పలాసకూ రోజూ వెళ్లి వచ్చే ఉద్యోగులు అప్పటికే గుంపులుగా నిలబడి ఉన్నారు. దక్షిణం వైపు లైనులో రాత్రి గూడ్సు బండి పట్టాలు తప్పిందని, పాసింజర్లు నడవవని అన్నారు. మాది ఎక్స్‌ప్రెస్ కదా, ఆలస్యంగానైనా వస్తుందనుకుని కూర్చున్నాం.

అది రాదు. కటక్ నుంచే అంగుల్, సంబల్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరానికి మళ్లించేశారు. ఈ సంగతి మాకు తెలిసేసరికి ఏడున్నర. అప్పటికే నాన్నగారి చేతులు వణుకుతున్నాయి. చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. పరీక్ష అయ్యాక తినడానికని తెచ్చిన ఇడ్లీ తుంచి నోట్లో పెడితే నమలలేకపోయారు. పక్కనున్న ఒక తల్లి తన పిల్లవాడి బిస్కెట్లు, టీ కొట్టు నుంచి ఇంత చక్కెర తెచ్చి ఇచ్చింది. ఆమె ఎవరో తెలియదు, ఆమెకు నా దండాలు.

కౌంటరులోని గుమస్తా, “రాత్రే మెసేజ్ వచ్చి ఉండాలే, ఏ నంబరు ఇచ్చారు?” అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది, దుకాణంలో నా నంబరు అసలు అడగనే లేదు. ఆయన నా చేతిలోని కాగితం తిప్పి చూసి, ఏజెంటు పేరు, చిరునామా ఎక్కడా లేవని, ఎవరో రైల్వే సైటులో తమ సొంత ఐడీతో తీసిన టిక్కెట్టని చెప్పాడు. అలా తీసి అమ్మడం 1989 రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరమట.

నాన్నగారిని ఇంట్లో దించి, దుకాణం తెరిచే వేళకు వెళ్లాను. అతను దేవుడి పటానికి అగరువత్తి వెలిగిస్తున్నాడు. అడిగాను. ఫోను తీసి, బొటనవేలితో పైకి జరుపుకుంటూ పోయి, నా ముందు పెట్టాడు. మా బండి పేరు, దారి మళ్లింపు సంగతి, సమయం రాత్రి 11:38. నేను ఐదింటికి నాన్నగారిని ఆటో ఎక్కించేటప్పటికి అది అతని జేబులోనే ఉంది!

“వచ్చిందమ్మా. ఎంతమందికని ఫోను చేస్తూ కూర్చోను?”

తల కూడా ఎత్తలేదు. డబ్బు సంగతి అడిగితే, “చార్టు పడ్డాక పైసా రాదు. అంత చదువుకున్నారు, మీరే తీసుకోవాల్సింది” అన్నాడు. వెనక నిలబడినవాళ్లు వింటున్నారు. చిన్నప్పుడు మా వరండాలో కూర్చుని నాన్నగారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు అతను. మాస్టారికి ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. డబ్బుకన్నా అదే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

పైసా రాదన్నది పచ్చి అబద్ధం. బండిని దారి మళ్లించినప్పుడు ప్రయాణం చేయకపోతే డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది. బయలుదేరాల్సిన సమయం నుంచి 72 గంటల్లోపు టీడీఆర్, అంటే డబ్బు వెనక్కి ఇమ్మనే దరఖాస్తు, వేయాలి, అంతే. కానీ టిక్కెట్టు ఎవరి ఐడీతో తీశారో వాళ్లే వేయాలి, డబ్బు వాళ్ల ఖాతాకే పోతుంది. మళ్లీ వెళ్లి ఈ మాట చెబితే “చూద్దాంలే” అన్నాడు. ఎల్లుండి ఉదయంతో 72 గంటలు నిండుతాయి, గడువు తీరిపోతుంది. అతను వేశాడో లేదో నాకు తెలిసే దారి కూడా లేదు.

నా నంబరు ఎందుకు వేయలేదని ఆ రోజే అడగనందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. నమ్మకంతో అడగలేదు.

మీరు ఎవరి దగ్గర తీయించుకున్నా, టిక్కెట్టు తీసిన వెంటనే మెసేజ్ మీ ఫోనుకు రావాలి. రాకపోతే అక్కడి నుంచి కదలకండి. కాగితం మీద ఏజెంటు పేరు ఉందేమో చూడండి. అనుమతి ఉన్న ఏజెంటు తీసిన టిక్కెట్టు రద్దయితే, 2019 అక్టోబరు నుంచి ఓటీపీ ప్రయాణికుడి ఫోనుకే వస్తుంది, అది చెప్పి డబ్బు తీసుకోవచ్చు. బయలుదేరేముందు రైల్వే విచారణ నంబరు 139కి ఫోను చేయండి. ఈ వారంలో ఆ దుకాణంలో టిక్కెట్టు తీసుకున్నవారు ఎవరైనా ఉంటే, వెంటనే వెళ్లి ఏ నంబరు వేశాడో అడగండి.