మాస్టొడాన్: యాప్ బాగుంది, గోలే వేరు
2022లో ఎలాన్ మస్క్ ట్విటర్‌ని 4,400 కోట్ల డాలర్లకు కొన్నాక నేనూ అందరిలాగే ట్విటర్ లాంటిదే అయిన మాస్టొడాన్‌లో ఖాతా తెరిచాను. ప్రకటనల్లేవు, పోస్టుకు మామూలుగా 500 అక్షరాలు, మనం ఫాలో అయ్యేవాళ్ల పోస్టులు వేసిన వరసలోనే వస్తాయి, ప్రాణానికి హాయిగా ఉంది. కాకపోతే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద మొదలైన ముచ్చట మూడో జవాబుకల్లా పెట్టుబడిదారులను తిట్టడంలోకి దిగుతుంది; ఇక్కడి టెక్ పిచ్చోళ్లలో ఎడమవైపు మొగ్గేవాళ్లే ఎక్కువ. తమాషా ఏంటంటే, కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు కదా, 2019లో అమెరికా కుడివైపు అతివాదుల అడ్డా అయిన గ్యాబ్ సైటు కూడా దీన్నే తీసుకుంది, మాస్టొడాన్‌ని ఎవరికివారు విడివిడిగా నడిపే సర్వర్లలో చాలావరకు దాన్ని బ్లాక్ చేసి పడేశాయి. ‘ప్రభుత్వం మా జోలికి రావద్దు’ అనే బిట్‌కాయిన్ భక్తులు కావాలంటే మాత్రం నోస్టర్ అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్‌కి వెళ్లండి. నావి నాలుగు స్టార్లు.