పిల్లల రికార్డులు: ఉమ్మడి డేటాబేస్ మేలా, సూచిక మేలా?

ఒకే బిడ్డ గురించి సంక్షేమ శాఖ దగ్గర ఒక ఫైలు, ఆసుపత్రిలో ఒకటి, బడిలో ఇంకొకటి ఉంటాయి. మూడు వేర్వేరు ఆసుపత్రుల్లో చూపించిన మూడు దెబ్బలు దేనికది మామూలుగానే తోస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అనుమానం రాదు. కాబట్టి రికార్డులను కలపాల్సిందే. నోట్సన్నీ ఒకే డేటాబేస్‌లో పోయాలా, ఏ బిడ్డ ఫైలు ఎవరి దగ్గర ఉందో చెప్పే సూచిక మాత్రం ఉంచి వివరాలు అడిగి తెప్పించుకోవాలా అన్నదే తేలాలి.

వేగంలో ఉమ్మడి డేటాబేస్‌దే పైచేయి. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తెచ్చిన బిడ్డకు ఏ మందులు పడవో, చికిత్సకు సంతకం పెట్టే హక్కు ఎవరిదో క్షణాల్లో తెలుస్తుంది. కానీ "కొడుతున్నారేమోనని పొరుగువారి అనుమానం" అన్న మాట ఒక నోటు నుంచి ఇంకో నోటుకు కాపీ అవుతూ పోయేసరికి అందులో అనుమానం రాలిపోయి, కొడుతున్నారన్నదే మిగులుతుంది. విచారణలో అది నిజం కాదని తేలినా, దిద్దుబాటు మొదటి ఫైలులోనే ఆగిపోతుంది. కవలల విషయంలో పుట్టిన తేదీ, ఇంటిపేరు, చిరునామా ఒకటే కావడంతో ఇద్దరి రికార్డులూ కలిసిపోవచ్చు. వాటిని మళ్లీ విడదీయాలంటే ప్రతి పరీక్షనూ మనిషి కూర్చుని చూడాల్సిందే.

అసలు ప్రమాదం చిరునామాతో. బిడ్డను రక్షణ కోసం వేరే కుటుంబానికి అప్పగించాక కేస్‌వర్కర్ కొత్త చిరునామాను ఉమ్మడి డేటాబేస్‌లో నమోదు చేస్తారు. కోర్టు ఉత్తర్వు సంక్షేమ శాఖకు వెళ్తుంది, కన్నవారి లాగిన్ మాత్రం ఆసుపత్రి పోర్టల్‌లో అలాగే ఉంటుంది. హింసించిన మనిషి ఫోనులోనే బిడ్డ కొత్త ఇల్లు, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ కనబడతాయి. ఉత్తర్వు అందిన రోజే, కొత్త చిరునామా ఎక్కించక ముందే ఆ లాగిన్‌ను ఆపాలి.

సూచిక కూడా దానంతట అదే భద్రం కాదు. 2000లో లండన్‌లో సంరక్షకుల హింసకు బలైన ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ మరణంపై జరిగిన విచారణ తర్వాత ఇంగ్లండ్ 'కాంటాక్ట్‌పాయింట్' అనే సూచికను తయారుచేసింది. 2009లో మొదలైన అందులో కేసు నోట్సు లేవు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, సంరక్షకులు, బడి, డాక్టరు, బిడ్డతో పనిచేసే సేవల వివరాలే ఉండేవి. అయినా సుమారు 1.1 కోట్ల మంది పిల్లల వివరాలు 3 లక్షలకు పైగా సిబ్బందికి అందేలా తలపెట్టడంతో గట్టి వ్యతిరేకత వచ్చింది. 2010 ఆగస్టులో దాన్ని మూసేశారు.

అయినా మా ఓటు సూచికకే, కొన్ని షరతులతో. అందులో చిరునామా ఉండకూడదు. మానసిక ఆరోగ్య, లైంగిక ఆరోగ్య సేవల పేర్లు, అర్థం చేసుకోగల వయసు పిల్లలైతే వాళ్లను అడగకుండా చేర్చకూడదు. ఎందుకంటే అక్కడికి వెళ్తున్నారని తెలియడమే రహస్యం బయటపడటం. వివరాలు అడిగేవారు కారణం రాయాలి, ఫైలు ఉన్నవారు అవసరమైన పేజీలే పంపాలి. ప్రాణాపాయంలో అనుమతి లేకుండానే తెరిచే మీట ఒకటి ఉండాలి. దాన్ని నొక్కిన ప్రతిసారీ, మరుసటి పనిదినంలోగా ఆ విభాగానికి చెందని వ్యక్తి లాగ్ (ఎవరు, ఎప్పుడు, ఏం తెరిచారో నమోదయ్యే చిట్టా) చూసి కారణం సరిపోల్చాలి. ఎవరూ చదవని లాగ్ ఏ బిడ్డనూ కాపాడదు.

దత్తత వెళ్లిన బిడ్డకు కొత్త పేరుతో కొత్త నంబరు ఇచ్చి, టీకాలు, అలర్జీలు, వంశపారంపర్య జబ్బుల వివరాలు అందులోకి మార్చాలి. పాత రికార్డుకు తాళం వేసి, రెండు నంబర్లను కలిపే ముడి ఒక్క కార్యాలయం దగ్గరే ఉంచాలి.