డయాలసిస్సా, జెల్ కాలమా?

బరంపురం ల్యాబులో నా పక్క బెంచీ అమ్మాయి, ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వస్తుంది, మొన్న అడిగింది: "అక్కా, యాంటీబాడీకి ఎఫ్ఐటీసీ అనే మెరిసే రంగు తగిలించాక మిగిలిన రంగుని ఎలా వదిలించాలి?"

నా ఓటు జెల్ కాలమ్‌కే, అంటే సన్నటి జెల్ పూసలు నింపిన గొట్టానికే. సెఫడెక్స్ జీ-25 అనే ఆ పూసల రంధ్రాల్లోకి 389 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువుల బరువుకి కొలత) రంగు దూరి వెనకబడుతుంది, లక్షన్నర డాల్టన్ల యాంటీబాడీ దూరలేక ముందే బయటపడుతుంది. రంగు బాగా పట్టి ఉంటే రెండు పసుపు పట్టీలు విడిపోవడం కంటికే కనిపిస్తుంది. మొదటిది పట్టుకుని, రెండోది దిగేలోపే ట్యూబు మార్చేయాలి. అరగంటలోపే అయిపోతుంది. కాకపోతే శాంపిల్ కాస్త పల్చబడుతుంది, మేం వాడే చిన్న కాలమ్‌లో 2.5 మిల్లీలీటర్లు పోస్తే 3.5 వస్తుంది.

డయాలసిస్ అంటే శాంపిల్‌ని సన్న రంధ్రాల పొర గొట్టంలో సంచిలా ముడి కట్టి, బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో) ముంచి, రంగు బయటికి జారిపోయేలా చేయడం. అది చవక, శాంపిల్ ఎక్కువున్నా ఇబ్బంది లేదు, కానీ రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచాలి, బఫర్ మూడు నాలుగు సార్లు మార్చాలి, వెలుగు తగలకుండా రేకు చుట్టాలి. పోయిన మే నెలలో అర్ధరాత్రి కరెంటు పోయింది, పొద్దున్నే చూస్తే నా సంచిలో విరిగిన పాలలా తరకలు! పైగా గొట్టం ముడి కాస్త వదులైతే యాంటీబాడీ అంతా బీకరులోకే.