వెటకారం కొలువుదీరిన రెండు నవలలు: ఎలిజబెత్ మేలా, ఎమ్మా మేలా?

గోదావరి జిల్లాల వారికి వెటకారం పుట్టుకతో వచ్చిన విద్య అని మిగతా తెలుగువారు అంటారు. కోనసీమలో పుట్టి పెరిగిన నేను ఆ మాటను కాదనలేను. ఎదుటివారిని ‘అండీ’ అని గౌరవిస్తూనే, ‘ఆయ్’ అని తలాడిస్తూనే వారి గొప్పను గాలిలో కలిపేయడం మా అరుగుల మీద రోజూ జరిగే పని. అందుకే కాబోలు, ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టెన్ నవలలు మాకు అంత పరాయివిగా తోచవు. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న మా మేనకోడలు, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, ‘ఎమ్మా’లలో ఒక్కదానికే తీరిక ఉంటే ఏది చదవమంటారు మావయ్యా అని అడిగినప్పుడు, ఆ రెండు పుస్తకాలనూ ఈ వెటకారం అనే తూకంతోనే తూచి చూశాను.

1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’కు పునాది ఆస్తి. ఊళ్ళోకి డబ్బున్న బ్రహ్మచారి వచ్చాడంటే అతనికి పెళ్ళాం కావాలన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యమని మొదటి వాక్యం చెబుతుంది. నిజానికి కావలసింది అతనికి పెళ్ళాం కాదు, అయిదుగురు ఆడపిల్లలున్న బెనెట్ గారి ఇంటికి అల్లుడు. ఏడాదికి రెండు వేల పౌండ్లు వచ్చే ఆ ఎస్టేటు మగ వారసుడికే చెందాలి కనుక, బెనెట్ కన్ను మూస్తే అది దూరపు బంధువైన కాలిన్స్ పాలవుతుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1985లో గానీ రాలేదు, అదీ అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకే వచ్చింది. కాబట్టి అంతకు ముందు తరాల మా ఆడవాళ్ళు ఈ నవల చదివి ఉంటే మిసెస్ బెనెట్ ఆరాటాన్ని చూసి మనమంతగా నవ్వేవారు కాదు.

ఇందులో బెనెట్ గారి రెండో కూతురు ఎలిజబెత్ ఎదుగుదల ఒక ఉత్తరంతో మలుపు తిరుగుతుంది. నాట్య విందులో తనను తక్కువ చేసి మాట్లాడిన ధనవంతుడు డార్సీని దుర్మార్గుడనీ, తియ్యగా మాట్లాడిన సైనికాధికారి వికమ్‌ను మంచివాడనీ నమ్మిన పిల్ల, డార్సీ రాసిన ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని, ఈ క్షణం వరకు నన్ను నేనే ఎరుగనని ఒప్పుకుంటుంది. అరవై ఒక్క అధ్యాయాల నవలలో ఇది ముప్పై ఆరో అధ్యాయం. అంటే తెలివి వచ్చాక ఆమె ఎలా బతికిందో చెప్పడానికి రచయిత్రి బోలెడంత చోటు ఉంచుకుంది. డార్సీ కూడా ఆమె తిట్టిన తిట్లకు మారతాడు. ఈ ఇద్దరి పెళ్ళిని ఆపడానికి బండి కట్టించుకుని వచ్చిన డార్సీ తల్లి తోబుట్టువు లేడీ కేథరిన్ వల్లనే డార్సీకి మళ్ళీ ఆశ పుట్టడం చక్కటి విడ్డూరమే గానీ, దాని గురించి ఇంకా చెప్పనక్కరలేదు.

నాకు పట్టింపుగా ఉన్నది బెనెట్ గారి సంగతి. ఆయన భార్యనూ, చిన్న కూతుళ్ళనూ వెటకారం చేసుకుంటూ గ్రంథాలయంలో కూర్చుంటాడు. పదిహేను దాటిన ఆఖరి కూతురు లిడియా వికమ్‌తో లేచిపోయినప్పుడు గానీ ఆ నవ్వు బాధ్యతను తప్పించుకునే ఉపాయమని తేలదు. తప్పు తనదేనని ఆయన ఒప్పుకుంటాడు, ఈ బాధ త్వరలోనే తీరిపోతుందిలే అని కూడా అంటాడు, అన్నట్టే తీరిపోతుంది. రచయిత్రి ఆయనను దాదాపు క్షమించేస్తుంది. ఎలిజబెత్ వెటకారానికైతే బహుమానమే దక్కుతుంది. పెళ్ళి కుదిరాక, నవ్వించుకోవడం డార్సీకి ఇంకా అలవాటు కాలేదని గుర్తొచ్చి కాస్త ఆగుతుంది, అంతే.

1815 డిసెంబరులో వెలువడిన ‘ఎమ్మా’లో ఈ లెక్క తలకిందులవుతుంది. ముప్పై వేల పౌండ్ల ఆస్తి ఉన్న ఎమ్మాకు పెళ్ళి అవసరం లేదు, అందుకని ఊరందరికీ పెళ్ళిళ్ల పేరయ్యగా తయారవుతుంది. స్నేహితురాలు హ్యారియట్ చేత రైతు మార్టిన్‌ను కాదనిపించి, ఊరి చర్చి పాస్టరు ఎల్టన్‌కు కట్టబెట్టాలని చూస్తే, ఆ ఎల్టన్ బండిలో ఎమ్మానే పెళ్ళి చేసుకోమని అడుగుతాడు. ఆమె పశ్చాత్తాపపడుతుంది, ఇంకెప్పుడూ ఈ పని చెయ్యనంటుంది, మళ్ళీ చేస్తుంది. మనుషులు మారే తీరు నేను చూసినంతలో ఇదే. ఊళ్ళోకి వచ్చిన కుర్రాడు ఫ్రాంక్ జుట్టు కత్తిరించుకోవడానికి లండన్ దాకా వెళ్ళాడని నవ్వుకున్న మనమే, ఆ తరువాత అతనితో రహస్యంగా పెళ్ళి కుదుర్చుకున్న జేన్ అనే అమ్మాయి ఇంటికి పియానో దిగినప్పుడు, అది పంపింది అతనేనని రెండు సంగతులనూ కలుపుకోలేకపోతాం. కథనం ఎమ్మా ఆలోచనల రంగు పులుముకుని సాగుతుంది గనుక ఆమెతో పాటు మనమూ మోసపోతాం. రెండోసారి చదివితే అన్నీ మొదటి నుంచీ కళ్ళెదుటే ఉన్నాయని తెలుస్తుంది.

అసలు ఘట్టం బాక్స్ హిల్ అనే కొండ మీద, విహారానికి వెళ్ళినప్పుడు జరుగుతుంది. ఒక్కొక్కరు ఒక చమత్కారమైన మాట గానీ, మూడు చప్పటి మాటలు గానీ చెప్పాలని ఆట పెడితే, వాగుడుకాయే గానీ మంచిదైన మిస్ బేట్స్, మూడు చప్పటి మాటలైతే నోరు తెరవగానే చెప్పేస్తానని తన మీద తానే నవ్వుకుంటుంది. ఒకేసారి మూడింటితోనే ఆపుకోవడం మీకు కష్టమేమో అంటుంది ఎమ్మా. అది చురుకైన మాట, మా అరుగు మీదైతే చప్పట్లు పడేవి. మిస్ బేట్స్‌కు మొదట అర్థం కాదు, అయ్యాక కోపం రాదు, మొహం మాత్రం కాస్త ఎర్రబడుతుంది. ఆమె ఒకప్పుడు బాగా బతికి ఇప్పుడు చితికిపోయిన మనిషి, నీతో సమానురాలైతే నేను ఊరుకునేవాణ్ణి అని ఎమ్మా కుటుంబ స్నేహితుడు నైట్‌లీ మందలిస్తాడు. ఎమ్మా దారంతా ఏడుస్తుంది, మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి గడప తొక్కుతుంది.

ఎలిజబెత్ మనుషుల్ని తప్పుగా అంచనా వేసింది. ఎమ్మా తన స్థాయిని ఆయుధంగా వాడింది. ఆ రెండో తప్పు దిద్దుకోవడానికే ఎక్కువ సిగ్గు కావాలి కనుక, నా తూకంలో ‘ఎమ్మా’ వైపే మొగ్గు. అయితే ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఇద్దరూ ఒకరినొకరు దిద్దుకుంటే, ఇక్కడ పదహారేళ్ళు పెద్దవాడైన నైట్‌లీ ఒక్కడే దిద్దుతుంటాడు, అది నాకు మింగుడుపడదు. చివరికి ఎమ్మా హ్యారియట్‌తో స్నేహాన్ని చల్లారనివ్వడం చూస్తే ఆ ఎదుగుదలకు కూడా ఒక హద్దుందని ఒప్పుకోవాలి.

ఇదంతా మా మేనకోడలికి చెప్పి, ఒక్కటే చదవాలంటే ‘ఎమ్మా’ చదవమన్నాను. ఓపిగ్గా విని, ‘ఆయ్, అలాగేనండి’ అని తలాడించి, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ పట్టుకుని వెళ్ళిపోయింది.